పసిబిడ్డ బొడ్డు చెప్పే సంగతి
రక్షక కణాలు ఎలా ఆగుతాయి? ఆగకపోతే ఏమవుతుంది?

ఇంట్లో బిడ్డ పుట్టగానే మనం చేసే పనులకు ఒక క్రమం ఉంది. చెవిలో అజాన్ పలుకుతాం. ఖర్జూరంతో తహ్‌నీక్ చేయిస్తాం. ఏడో రోజున అఖీఖా జరిపి, తల వెంట్రుకలు తీయించి, పేరు పెడతాం. ఏడో రోజున వీలుకాకపోతే పద్నాలుగో రోజున, అదీ కుదరకపోతే ఇరవై ఒకటో రోజున అఖీఖా చేసే కుటుంబాలూ ఉన్నాయి. నలభయ్యో రోజుతో చిల్లా ముగుస్తుంది. ఈ రోజుల లెక్కలోనే ఇంటి పెద్ద స్త్రీలు మరొక విషయాన్ని కూడా కనిపెట్టి చూస్తారు. అది బిడ్డ బొడ్డు ఊడటం. సాధారణంగా మొదటి రెండు వారాల్లోనే అది ఎండి రాలిపోతుంది. ఆ తర్వాత దాని సంగతి ఎవరికీ గుర్తుండదు.

అయితే చాలా అరుదుగా కొందరు పసిపిల్లల్లో మూడు వారాలు దాటినా, నెల నిండినా బొడ్డు ఊడదు. చుట్టూ ఎర్రబడుతుంది, వాపు వస్తుంది, బిడ్డకు జ్వరం వస్తుంది. ఇంత జరిగినా అక్కడ చీము మాత్రం పట్టదు. రక్తపరీక్ష చేయిస్తే తెల్ల కణాలు తక్కువగా ఉండటానికి బదులు, ఉండవలసినదానికి ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటాయి. రక్షక కణాలు అన్ని ఉండి కూడా బిడ్డకు రక్షణ ఎందుకు లేదు? ఈ ప్రశ్నకు సమాధానం వెతికిన వైద్యశాస్త్రానికి, అల్లాహ్ మన రక్తంలో నెలకొల్పిన ఒక సూక్ష్మమైన ఏర్పాటు బయటపడింది. ఆ ఏర్పాటును తెలుసుకోవడం మన ఇళ్ళకు, ముఖ్యంగా తిరుపతి, చిత్తూరు ప్రాంతపు కుటుంబాలకు ఎందుకు అవసరమో ఈ వ్యాసంలో వివరించదలిచాము.

ప్రవాహంలో ఆగడం ఎలా?

మన రక్తంలోని తెల్ల కణాల్లో అధికభాగం న్యూట్రోఫిళ్ళు అనే రకానికి చెందినవి. ఆరోగ్యవంతుడైన మనిషి ఎముకల మూలుగలో ప్రతిరోజూ దాదాపు పదివేల కోట్ల న్యూట్రోఫిళ్ళు తయారవుతాయని శాస్త్రవేత్తల అంచనా. గాయమైనచోట, సూక్ష్మక్రిములు చొరబడినచోట మొట్టమొదట చేరుకునేవి ఇవే. మనం చీము అని పిలిచేదానిలో చాలా భాగం, క్రిములతో పోరాడి చనిపోయిన ఈ కణాలే.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. కణాలు రక్తనాళం లోపల పరుగెత్తుతూ ఉంటాయి. క్రిములు మాత్రం నాళం వెలుపల, చర్మంలోనో కండలోనో పాగా వేసి ఉంటాయి. కాబట్టి కణం మొదట వేగం తగ్గించుకోవాలి, సరైన చోట ఆగాలి, గోడను గట్టిగా పట్టుకోవాలి, ఆ తర్వాత గోడలోని సందుగుండా బయటికి వెళ్ళాలి. ఆగలేని కణం ఎన్ని కోట్లు ఉన్నా, అది ఊరి పక్కనుంచి వెళ్ళిపోయే వాగు నీరు వంటిదే. పొలానికి ఒక్క చుక్క అందదు.

వేగం తగ్గించే పని మొదటి మెట్టు. క్రిములు చేరిన చోట రక్తనాళపు గోడ మీద సెలెక్టిన్లు అనే ప్రోటీన్లు మొలుచుకొస్తాయి. అవి పరుగెత్తే తెల్ల కణం మీద ఉన్న ఒక రకం చక్కెర అణువులను పట్టుకుంటాయి, వెంటనే వదిలేస్తాయి, మళ్ళీ పట్టుకుంటాయి. దీనివల్ల కణం గోడ వెంబడి మెల్లగా దొర్లుతూ వెళ్తుంది. ఇది గట్టి పట్టు కాదు. ఈ దశలో కణం ఇంకా ఎటూ తేల్చుకోలేదు. ఆగాలా, సాగిపోవాలా అన్నది రెండో మెట్టులో నిర్ణయమవుతుంది.

వంగి ఉన్న చెయ్యి, లోపలి నుంచి వచ్చే ఆజ్ఞ

తెల్ల కణం ఉపరితలం మీద ఇంటెగ్రిన్లు అనే గ్రాహకాలు ఉంటాయి. ఇవే కణానికి చేతుల వంటివి. ఒక్కొక్క ఇంటెగ్రిన్‌లో ఆల్ఫా, బీటా అనే రెండు గొలుసులు జతగా ఉంటాయి. వాటి తల భాగం కణం వెలుపల ఉంటుంది, చిన్న తోక మాత్రం లోపల ఉంటుంది. మానవ శరీరంలో 18 రకాల ఆల్ఫా గొలుసులు, 8 రకాల బీటా గొలుసులు కలిసి మొత్తం 24 రకాల ఇంటెగ్రిన్లుగా ఏర్పడతాయి. తెల్ల కణాలకు ప్రత్యేకమైనది బీటా-2 గొలుసు. వైద్యులు తమ నివేదికల్లో దీనినే సి.డి.18 అని రాస్తారు.

మామూలు సమయంలో ఈ చేయి చాచి ఉండదు. మోకాళ్ళ మీద తల వంచుకుని కూర్చున్న మనిషిలాగా, ఇంటెగ్రిన్ తన తలను కణపు పొర వైపు వంచి ఉంటుంది. ఆ స్థితిలో దానికి పట్టు ఉండదు. ఇందులో గొప్ప వివేకం ఉంది. ఇంటెగ్రిన్లు ఎప్పుడూ చాచి, ఎప్పుడూ అంటుకునే స్థితిలోనే ఉంటే తెల్ల కణాలు కనిపించిన ప్రతి గోడకూ అతుక్కుపోయేవి. ఆరోగ్యకరమైన అవయవాలు దెబ్బతినేవి. రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్ల మీద కూడా ఈ జాతి గ్రాహకాలే ఉన్నాయి కనుక, అవసరం లేనిచోట రక్తం గడ్డకట్టేది. శక్తి ఉండటం ఒక అనుగ్రహమైతే, ఆజ్ఞ వచ్చేదాకా ఆ శక్తి అణగి ఉండటం మరొక అనుగ్రహం.

మరి ఆ ఆజ్ఞ ఎలా వస్తుంది? ఈద్గాహ్‌లో పెద్ద జమాఅత్ నిలబడిన దృశ్యాన్ని మనసులోకి తెచ్చుకుందాం. ఇమాము తక్బీర్ ముందు వరుసలకు వినిపిస్తుంది. వెనుక వరుసలకు దానిని ముకబ్బిర్ అందిస్తాడు. ఆ స్వరం చేరగానే కూర్చున్న వరుసలన్నీ ఒక్కసారిగా లేచి నిలబడతాయి. కణంలో జరిగేదానిని అర్థం చేసుకోవడానికి ఈ పోలిక ఉపకరిస్తుంది.

క్రిములున్న చోట రక్తనాళపు గోడ కీమోకైన్లు అనే రసాయన సంకేతాలను తన మీద పరచి ఉంచుతుంది. ఇంటర్‌ల్యూకిన్-8 అటువంటిదే. దొర్లుతూ వచ్చిన తెల్ల కణం మీది వేరొక గ్రాహకం ఆ సంకేతాన్ని అందుకుంటుంది. ఇది ఇమాము తక్బీర్ వంటిది. కాని ఆ గ్రాహకానికీ ఇంటెగ్రిన్‌కూ నేరుగా సంబంధం లేదు. వార్త కణం లోపలికి వెళ్ళి, లోపలి నుంచి ఇంటెగ్రిన్ తోకను చేరాలి. లోపల రాప్-1 అనే చిన్న ప్రోటీన్ మేల్కొంటుంది. అది టాలిన్ అనే మరొక ప్రోటీన్‌ను ఇంటెగ్రిన్ తోక దగ్గరికి చేరుస్తుంది. కిండ్లిన్-3 అనే ప్రోటీన్ కూడా వచ్చి అదే తోకను మరొక చోట పట్టుకుంటుంది. ఈ ముగ్గురూ ముకబ్బిర్ల వంటివారు. వీరి చేతి ఒత్తిడితో అంతవరకు కలిసి ఉన్న ఆల్ఫా, బీటా తోకలు విడిపోతాయి. లోపల జరిగిన ఆ చిన్న కదలిక పొర దాటి వెలుపలికి పాకుతుంది. వంగి ఉన్న ఇంటెగ్రిన్ నిటారుగా లేచి, తల విప్పుతుంది.

అలా లేచిన ఇంటెగ్రిన్‌కు, రక్తనాళపు గోడ మీద ఉన్న ఐకామ్-1 అనే ప్రోటీన్ మీద పట్టు వేల రెట్లు పెరుగుతుంది. దొర్లుతున్న కణం అక్కడికక్కడ ఆగిపోతుంది. ఇదంతా జరగడానికి ఒక సెకను కూడా పట్టకపోవచ్చు. పట్టు దొరికిన తర్వాత వార్త ఎదురు దిశలో, అంటే వెలుపలి నుంచి లోపలికి వెళ్తుంది. అప్పుడు కణం బల్లపరుపుగా పరుచుకుని, గోడ మీద పాకి, సందు చూసుకుని బయటికి జారి, క్రిముల మీద పడుతుంది.

బొడ్డు ఊడటానికి కూడా ఈ కణాలే కావాలి. ఎండిన బొడ్డుతాడు మొదలు దగ్గర న్యూట్రోఫిళ్ళు చేరి, అక్కడి కణజాలాన్ని కరిగిస్తేనే అది విడిపోతుంది. కణాలు అక్కడికి చేరుకోలేకపోతే బొడ్డు ఊడదు. మన అమ్మమ్మలు, నానీలు కంటితో చూసి లెక్కపెట్టే ఆ రోజుల వెనుక ఇంత వ్యవహారం నడుస్తోందన్నమాట.

మూడు మెట్లు, మూడు లోపాలు

ఈ మూడు మెట్లలో ఏది విరిగినా కణం ఆగలేదు. వైద్యులు ఈ వ్యాధులన్నిటినీ కలిపి తెల్ల కణాల అతుకు లోపం అంటారు. నివేదికల్లో ఎల్.ఏ.డి. అని మూడు అక్షరాలుగా రాస్తారు.

మొదటి రకంలో సి.డి.18 గొలుసే తయారుకాదు, లేదా చాలా కొద్దిగా తయారవుతుంది. మన పోలికలో చెప్పాలంటే తక్బీర్ వినిపించింది, ముకబ్బిర్ అందించాడు, కాని వరుసల్లో నిలబడవలసినవారే లేరు. ఐ.టి.జి.బి-2 అనే జన్యువులోని లోపం దీనికి కారణం. ఆ జన్యువు 21వ క్రోమోజోమ్ మీద ఉంది. మూడు రకాల్లో ఎక్కువగా కనిపించేది ఇదే.

రెండో రకం మిక్కిలి అరుదైనది. ఇందులో సెలెక్టిన్లు పట్టుకోవలసిన చక్కెర అణువు సరిగా తయారుకాదు. కణం దొర్లే దశకే రాలేదు.

మూడో రకం మన విషయానికి అన్నిటికంటె దగ్గరిది. ఇంటెగ్రిన్లు సంఖ్యలో సరిగానే ఉంటాయి. సి.డి.18 పరీక్ష మామూలుగానే వస్తుంది. కాని కిండ్లిన్-3 ఉండదు. వరుసలన్నీ నిండుగా కూర్చుని ఉన్నాయి, ముకబ్బిర్ స్వరం మాత్రం అందలేదు. ఎవరూ లేవరు. ప్లేట్‌లెట్లకు కూడా కిండ్లిన్-3 అవసరం కనుక ఈ పిల్లల్లో ఇన్ఫెక్షన్లతోపాటు రక్తస్రావం కూడా కనిపిస్తుంది. చర్మం మీద ఎర్రటి చుక్కలు, కమిలిన మచ్చలు, ముక్కు నుంచి రక్తం వంటివి ఇందుకు గుర్తులు.

ఈ జ్ఞానం ఎవరి ద్వారా వచ్చింది?

1979లో లండన్ వైద్యులు కొందరు, బొడ్డు ఆలస్యంగా ఊడటం, తీవ్రమైన ఇన్ఫెక్షన్లు, న్యూట్రోఫిళ్ళ కదలికలో లోపం, ఈ మూడూ కలిసి కనిపించిన పిల్లల గురించి లాన్సెట్ వైద్యపత్రికలో రాశారు. 1982లో, లెబనాన్‌లో జన్మించి అమెరికాలో పనిచేస్తున్న డాక్టర్ ఎం. అమీన్ అర్నౌత్, ఆయన సహచరులు తరచుగా ఇన్ఫెక్షన్లకు గురవుతున్న ఒక బాలుడి న్యూట్రోఫిళ్ళ పొర మీద ఒక ప్రోటీన్ లేదని గుర్తించారు. అదే కాలంలో తిమొతీ స్ప్రింగర్ తెల్ల కణాల మీది ఈ గ్రాహకాలను ఒక్కొక్కటిగా వెలికితీస్తున్నారు. ఈ పిల్లల్లో లోపించినది ఆ గ్రాహకాలన్నిటికీ ఉమ్మడిగా ఉన్న బీటా గొలుసేనని తేలింది.

2001లో అర్నౌత్ బృందం ఒక ఇంటెగ్రిన్ వెలుపలి భాగపు ఆకృతిని స్ఫటిక పద్ధతిలో చిత్రించింది. అందరూ నిటారైన రూపాన్ని ఊహిస్తే, చిత్రంలో అది మోకాలి దగ్గర మడిచినట్టు వంగి కనిపించింది. వంగిన రూపం విశ్రాంతి స్థితి అనీ, లేచిన రూపం పట్టు స్థితి అనీ తర్వాతి పరిశోధనలు స్థిరపరిచాయి. ఇంటెగ్రిన్ల పరిశోధనకు గాను 2022లో రిచర్డ్ హైన్స్, ఎర్కి రువొస్లాహ్తి, తిమొతీ స్ప్రింగర్‌లకు లాస్కర్ పురస్కారం లభించింది.

ఈ పట్టును అదుపు చేసే మందులు కూడా వచ్చాయి. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల వ్యాధిలో తెల్ల కణాలు మెదడులోకి చొరబడి హాని చేస్తాయి. వాటి ఇంటెగ్రిన్‌ను అడ్డుకునే నటాలిజుమాబ్ అనే మందుకు 2004లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది ఎందరికో మేలు చేసింది. అయితే కొద్దిమందిలో, కాపలా లేని మెదడులో ఒక వైరస్ విజృంభించింది. దాంతో ఆ మందును కొంతకాలం ఆపి, కట్టుదిట్టమైన జాగ్రత్తలతో మళ్ళీ అనుమతించారు. పట్టు ఎక్కువైనా ఆపదే, పట్టు లేకపోయినా ఆపదే. శరీరంలో నెలకొన్న ఈ సమతూకం ఎంత సున్నితమైనదో దీనివల్ల తెలుస్తుంది.

మన ప్రాంతం, మన సంబంధాలు

ఈ వ్యాధి ప్రపంచంలో చాలా అరుదు. సుమారు పది లక్షల జననాల్లో ఒకరికి వస్తుందని సాధారణంగా చెప్పే అంచనా. మరి మన ఇళ్ళకు దీనితో ఏమి పని?

భారతదేశంలోని 28 వైద్యకేంద్రాల నుంచి సేకరించిన వివరాలతో 2020లో ఒక పెద్ద అధ్యయనం వెలువడింది. అందులో 132 మంది రోగులు ఉన్నారు. వారిలో 127 మందికి మొదటి రకం, ఐదుగురికి మూడో రకం. మొదటి రకానికి చెందిన ఎక్కువ మందిలో సి.డి.18 దాదాపు లేనే లేదు. అటువంటి పిల్లల్లో మొదటి మూడు నెలల్లోనే వ్యాధి బయటపడింది. బొడ్డు ఇన్ఫెక్షన్, బొడ్డు ఆలస్యంగా ఊడటం, చర్మపు పుండ్లు, మలద్వారం దగ్గర పుండ్లు వారిలో కనిపించాయి. ఈ వ్యాధి మన దేశంలో లేదనుకోవడానికి వీలులేదని ఆ లెక్క చెబుతోంది.

ఇది సంక్రమించే విధానాన్ని గమనించాలి. ప్రతి జన్యువూ మనకు రెండు ప్రతులుగా వస్తుంది, తండ్రి నుంచి ఒకటి, తల్లి నుంచి ఒకటి. ఒక ప్రతి చెడినా రెండోది పని చేస్తుంది. ఆ మనిషికి జీవితాంతం ఏ లక్షణమూ ఉండదు. తనలో లోపమున్న ప్రతి ఉందని కూడా తెలియదు. భార్యాభర్తలిద్దరిలోనూ అదే జన్యువు లోపంతో ఉన్నప్పుడు, ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండు చెడ్డ ప్రతులూ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. ఒక బిడ్డకు వచ్చింది కాబట్టి తర్వాతి ముగ్గురికీ రాదని దీని అర్థం కాదు. లెక్క ప్రతి కాన్పుకూ కొత్తగా మొదలవుతుంది.

ఒకే తాతయ్య, నానమ్మల సంతానం పెళ్ళి చేసుకున్నప్పుడు ఆ ఇద్దరిలో ఒకే లోపం ఉండే అవకాశం పెరుగుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో జరిగే పెళ్ళిళ్ళలో సుమారు నాలుగోవంతు రక్తసంబంధీకుల మధ్యే జరుగుతున్నాయి. ఇది ఒక్క మన సమాజపు అలవాటు కాదు. రాయలసీమలో మేనరికం అన్ని వర్గాల్లోనూ ఉంది. మేనమామ మేనకోడలిని పెళ్ళాడే ఆచారం మన ఇరుగుపొరుగు వర్గాల్లో కనిపిస్తుంది. దానిని దివ్యఖుర్ఆన్ సూరహ్ నిసా 23వ ఆయతులో నిషేధించింది. ఖాలా, మామూ, ఫూఫీ, చాచా పిల్లల మధ్య సంబంధాన్ని షరీఅత్ అనుమతించింది. మదనపల్లె, పలమనేరు, పీలేరు, చిత్తూరు, తిరుపతిలలో ఇటువంటి సంబంధాలు లేని మొహల్లా ఉండదు.

అనుమతి ఉన్న విషయాన్ని మేము తప్పుపట్టడం లేదు. అయితే అనుమతి ఆదేశం కాదు. ఇమామ్ గజ్జాలీ తన ఇహ్యా ఉలూమిద్దీన్ గ్రంథంలో వధువును ఎంచుకునే సందర్భంలో మరీ దగ్గరి బంధుత్వం లేకుండా చూడటాన్ని కూడా ప్రస్తావించారు. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ నగరంలో జరిగిన పరిశోధన 2013లో వెలువడింది. పుట్టుకతో వచ్చే లోపాల అవకాశం మామూలుగా నూటికి మూడు ఉంటే, తోబుట్టువుల పిల్లల మధ్య పెళ్ళిళ్ళలో అది దాదాపు ఆరు అవుతుందని అందులో తేలింది. అంటే అటువంటి దంపతుల్లో అత్యధికులకు ఆరోగ్యవంతులైన పిల్లలే పుడతారు. భయపడవలసిన పని లేదు. కాని ఒక కుటుంబంలో పసిపిల్లలు ఇన్ఫెక్షన్లతో వరుసగా చనిపోయి ఉంటే, అదే కుటుంబంలో మళ్ళీ దగ్గరి సంబంధం కలుపుకునే ముందు జన్యు వైద్య నిపుణుడిని సంప్రదించడం వివేకం. తరతరాలుగా అదే కుటుంబంలో సంబంధాలు జరుగుతూ ఉంటే ఈ జాగ్రత్త మరింత అవసరం.

తల్లులు ఏమి గమనించాలి?

మొదట ధైర్యం చెప్పే మాట. బొడ్డు ఆలస్యంగా ఊడిన పిల్లల్లో అధికులు పూర్తి ఆరోగ్యవంతులే. ఆ ఒక్క లక్షణం చూసి ఎవరూ కంగారుపడకూడదు. మూడు వారాలు దాటితే పిల్లల వైద్యుడికి చూపించాలి. నెల దాటితే తప్పనిసరిగా రక్తపరీక్ష గురించి అడగాలి. అఖీఖాకు మనం లెక్కించే 7, 14, 21 రోజులనే దీనికీ గుర్తుగా పెట్టుకోవచ్చు. ఇరవై ఒకటో రోజుకు కూడా బొడ్డు ఊడకపోతే చిల్లా అయ్యేవరకు ఆగకూడదు.

బొడ్డు చుట్టూ ఎర్రబడటం, వాపు, దుర్వాసన, బిడ్డ పాలు తాగకపోవడం, జ్వరం, లేదా ఒళ్ళు చల్లబడటం వంటివి ఏ రోజున కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఆ రోజుల లెక్క ఇక్కడ వర్తించదు. ఎల్.ఏ.డి. ఉన్నా లేకపోయినా పసిబిడ్డ బొడ్డు ఇన్ఫెక్షన్ ప్రాణాంతకం కాగలదు. బొడ్డును శుభ్రంగా, పొడిగా ఉంచడమే సరైన పద్ధతి. పసుపు, నూనె, బూడిద, సుర్మా వంటివేవీ దానిపై పెట్టకూడదు.

పుండు అయినా చీము పట్టకపోవడం, మానడానికి వారాలు పట్టడం, ఇన్ఫెక్షన్ తగ్గిన తర్వాత కూడా తెల్ల కణాల సంఖ్య చాలా ఎక్కువగా ఉండటం ముఖ్యమైన సూచనలు. తక్కువ తీవ్రత ఉన్న రకంలో వ్యాధి కొంచెం పెద్దయ్యాక, మానని చర్మపు పుండ్లుగానో, చిన్న వయసులోనే చిగుళ్ళు చెడి పళ్ళు కదలడంగానో బయటపడుతుంది.

పరీక్ష కష్టమైనది కాదు. ముందు మామూలు రక్తకణాల లెక్క. అనుమానం బలపడితే ఫ్లో సైటోమెట్రీ అనే పద్ధతిలో సి.డి.18ను కొలుస్తారు. దానికి కొద్దిపాటి రక్తం చాలు. అది మామూలుగా వచ్చి, బిడ్డకు రక్తస్రావం కూడా ఉంటే కిండ్లిన్-3 జన్యువును పరీక్షించాలి. తిరుపతిలో రుయా ప్రభుత్వ ఆసుపత్రి, స్విమ్స్, చిత్తూరులో ప్రభుత్వ జిల్లా ఆసుపత్రి మనకు దగ్గరలో ఉన్నాయి. తర్వాతి పరీక్షలకు ఎక్కడికి పంపాలో అక్కడి వైద్యులు చెబుతారు. హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి., నిమ్స్ కలిసి, 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద గుర్తింపు పొందిన కేంద్రంగా పనిచేస్తున్నాయి. జన్యు పరీక్ష, సలహా, ప్రభుత్వ సహాయం గురించి అక్కడ విచారించవచ్చు.

బి.సి.జి. టీకా విషయంలో ఒక మాట. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం 1950 దశకంలోనే ఈ టీకాపై పరిశోధన చేసిన చోటు. క్షయ నుంచి పసిపిల్లలను కాపాడే ఈ టీకాను ఎవరూ మానుకోకూడదు. అయితే ఇది బ్రతికి ఉన్న, బలహీనపరచిన క్రిమితో తయారయ్యే టీకా. ఇంతకుముందు బిడ్డకు ఎల్.ఏ.డి. ఉన్నట్టు తెలిసిన కుటుంబంలో మాత్రం, కొత్తగా పుట్టిన బిడ్డకు బి.సి.జి. వేయించే ముందే ఆ సంగతి వైద్యుడికి చెప్పాలి.

చికిత్స ఉంది

తీవ్రమైన మొదటి రకంలో సరైన చికిత్స అందకపోతే అధికభాగం పిల్లలు రెండేళ్ళు నిండకముందే మరణిస్తారు. యాంటీబయాటిక్‌లు ప్రాణాన్ని కొంతకాలం నిలబెడతాయి. శాశ్వత చికిత్స ఎముక మూలుగ మార్పిడి. తోబుట్టువు మూలుగ సరిపోతే ఫలితం మెరుగ్గా ఉంటుంది. మన పెద్దలు రాయవేలూరు అని పిలిచే వేలూరులో, సి.ఎం.సి. ఆసుపత్రిలో 1986 నుంచి మూలుగ మార్పిడి జరుగుతోంది. చిత్తూరు నుంచి అది గంట ప్రయాణమే. మూలుగ ఇచ్చిన వ్యక్తికి ఆ లోటు శాశ్వతం కాదు. కొన్ని వారాల్లో శరీరమే దానిని తిరిగి నింపుకుంటుంది.

జన్యు చికిత్స కూడా రూపుదిద్దుకుంది. బిడ్డ సొంత మూలుగ కణాలనే తీసి, అందులో మంచి జన్యువును చేర్చి తిరిగి ఎక్కిస్తారు. తీవ్రమైన మొదటి రకం ఉన్న 9 మంది పిల్లలపై జరిగిన ప్రయోగంలో అందరూ బ్రతికారు. వారిలో సి.డి.18 తిరిగి కనిపించింది.

లోపం ఉన్నట్టు తెలిసిన దంపతులు తర్వాతి గర్భంలో పదకొండు, పన్నెండు వారాల ప్రాంతంలో పరీక్ష చేయించుకునే వీలుంది. ఆపై తీసుకునే నిర్ణయంలో గర్భానికి 120 రోజులు నిండటానికి ముందు, తర్వాత అన్న భేదం ఫిఖహ్‌లో చాలా ముఖ్యమైనది. కాబట్టి వైద్యుడి నివేదికను చేతపట్టుకుని, ఆలస్యం చేయకుండా విశ్వసనీయులైన ఉలమాను కలవాలి. ఆ రెండు తలుపులూ తట్టిన తర్వాతే ఏ నిర్ణయమైనా.

నిందను ఆపుదాం

మన ఇళ్ళలో ఒకరి తర్వాత ఒకరుగా పసిపిల్లలు పోయినప్పుడు ఎక్కువగా ఎవరి మీద మాట పడుతుందో మనందరికీ తెలుసు. కోడలి అడుగు మంచిది కాదంటారు. నజర్ తగిలిందంటారు. గర్భంతో ఉన్నప్పుడు ఫలానాది తిన్నదంటారు. ఆ తల్లి అప్పటికే బిడ్డను పోగొట్టుకుని ఉంటుంది. ఆపైన ఈ భారాన్ని కూడా మోస్తుంది. కొన్ని ఇళ్ళలో మాట తలాఖ్ దాకా వెళ్తుంది.

ఈ వ్యాధిలో సగం తండ్రి నుంచి, సగం తల్లి నుంచి వస్తుంది. ఇందులో ఏ ఒక్కరి పాలూ ఎక్కువ కాదు. ఇద్దరిలో ఎవరూ దానిని కోరుకోలేదు, సంపాదించుకోలేదు. తమలో అది ఉందని కూడా వారికి తెలియదు. తెలియని విషయానికి ఒక స్త్రీని దోషిగా నిలబెట్టడం వైద్యం దృష్టిలో అజ్ఞానం, ధర్మం దృష్టిలో అన్యాయం. పోయిన బిడ్డ కోసం ఓర్పు వహించిన తల్లిదండ్రులకు అల్లాహ్ దగ్గర గొప్ప ప్రతిఫలం ఉందని నమ్మే మనం, ఆ తల్లి ఓర్పును మన నాలుకతో పరీక్షించకూడదు. దుఆ చేద్దాం, రుఖ్యా చదివిద్దాం. వాటితోపాటే రక్తపరీక్ష కూడా చేయిద్దాం.

పరీక్షలు చేయించుకోవడం తవక్కుల్‌కు విరుద్ధమని అనుకునేవారు కొందరున్నారు. అమ్వాస్ మహమ్మారి కాలంలో హజ్రత్ ఉమర్ (రజి) సిరియా పొలిమేరల నుంచి తన సహచరులతో వెనుదిరిగారు. ఇది దైవ నిర్ణయం నుంచి పారిపోవడం కాదా అన్న ప్రశ్న ఎదురైనప్పుడు, ఆ వెనుదిరగడం కూడా దైవ నిర్ణయంలో భాగమేనని ఆయన వివరించారు. మన కుటుంబపు వ్యాధి చరిత్ర తెలుసుకోవడం, చనిపోయిన పిల్లల ఆసుపత్రి కాగితాలను పారేయకుండా దాచడం, తర్వాతి కాన్పుకు ముందే వాటిని వైద్యుడికి చూపించడం ఆ కోవకు చెందిన పనులే. ఆ పాత కాగితాల్లో తెల్ల కణాల లెక్క రాసి ఉన్న ఒక్క వరుస, పుట్టబోయే బిడ్డ ప్రాణాన్ని కాపాడవచ్చు.

మన పిల్లల రక్తంలోని ప్రతి కణానికీ ఆగవలసిన చోటు తెలిపినవాడు అల్లాహ్. మన మాటలకు ఆగవలసిన చోటు, మన అడుగులకు సాగవలసిన దారి తెలుసుకునే సద్బుద్ధిని ఆయన మనకు ప్రసాదించుగాక. రోగులైన పసిపిల్లలకు సంపూర్ణ స్వస్థతను, వారి తల్లిదండ్రులకు ధైర్యాన్ని అనుగ్రహించుగాక. ఆమీన్.